చిన్న ఆర్గాను మీద పెద్ద సంగీతం: బాఖ్ వాయించండి, విడోర్ వదిలేయండి

హన్మకొండ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. విదేశాల్లో స్థిరపడిన ఒక కుటుంబం వాళ్ల చర్చికి పాత ఎలక్ట్రానిక్ ఆర్గాను ఒకటి కానుకగా ఇచ్చింది. రెండు మాన్యువల్స్ (చేతులతో వాయించే మెట్ల వరుసలు), ఒక్కోదానికి 44 మెట్లు, కింద కాళ్లతో వాయించే 13 పొట్టి పెడళ్లు. అడిగినవారు పియానోలో ఎనిమిదో గ్రేడు పూర్తిచేశారు. డిసెంబరులో చర్చి వార్షికోత్సవానికి బాఖ్ డి మైనర్ టొకాటా (వేళ్ల నైపుణ్యం చూపే రచన), ఫ్యూగ్‌తో (ఒకే ‘విషయాన్ని’ గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) మొదలుపెట్టి, ఫ్రెంచ్ స్వరకర్త విడోర్ టొకాటాతో ముగించాలని వారి ఆశ. పైపు ఆర్గాను కోసం రాసిన కష్టమైన సంగీతాన్ని ఇంత చిన్నదాని మీద వాయిస్తే తెలిసినవాళ్లు నవ్వుతారేమోనని సందేహం. పాస్టరుగారేమో మామూలు కీబోర్డు మీద వాయిస్తే సరిపోతుంది కదా అంటున్నారట.

వరంగల్, కాజీపేట చర్చిల్లో చాలాకాలంగా ఆర్గాను వాయిస్తున్నాను, పాత రీడ్ ఆర్గానులు (హార్మోనియంలా గాలికి రీడ్లు మోగేవి) బాగుచేస్తుంటాను కూడా. చిన్న వాద్యాలతో నెట్టుకురావడమే నా అనుభవమంతా. అందుకని సూటిగా చెబుతాను: బాఖ్ నిస్సందేహంగా వాయించండి. విడోర్ మాత్రం ఈ ఆర్గాను మీద వద్దు. వేళ్ల కష్టం చూస్తే రెండూ రెండే. తేడా మరోచోట ఉంది.

ఏదైనా రచన ముందుకు వచ్చినప్పుడు నేను మొదట చూసేది అది దేని మీద నిలబడి ఉందన్నదే. కొన్ని రచనలు గీతల మీద నిలబడతాయి. రెండు, మూడు, నాలుగు గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటూ సాగుతాయి. వాటికి ఒక్క శుభ్రమైన స్టాపు (ఒక రకం ధ్వనిని పలికించే మీట) దొరికినా చాలు, బతుకుతాయి. కొన్ని రచనలు ధ్వని పరిమాణం మీద నిలబడతాయి. మెల్లగా పెరిగే హోరు, కాళ్ల కింద నేల అదిరే మంద్రం, పెద్ద చర్చి గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఇవే వాటి ప్రాణం. వాటిని చిన్న ఆర్గాను మీదికి తెస్తే స్వరాలన్నీ వస్తాయి కానీ రచన రాదు.

బాఖ్ సంగతి ముందు చూద్దాం. డి మైనర్ టొకాటా (బాఖ్ రచనల జాబితా బి.డబ్ల్యు.వి.లో 565) ఆరంభం గుర్తుందిగా, రెండు చేతులూ ఒకే పదబంధాన్ని ఒక ఆక్టేవు (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉండే దూరం) ఎడంతో కలిసి వాయిస్తాయి. పెద్ద ఆర్గాను మీద దీని అవసరమేమిటని అనిపిస్తుంది, ఎందుకంటే 16 అడుగుల స్టాపు తీస్తే కింది ఆక్టేవు దానంతట అదే పలుకుతుంది. బాఖ్ పరిశోధకుడు క్రిస్టొఫ్ వోల్ఫ్ దీనికొక వివరణ ఇచ్చాడు. యువ బాఖ్ 1703 నుంచి 1707 వరకు ఆర్న్‌స్టాట్‌లో ఆర్గానిస్టు. అక్కడి ఆర్గాను మాన్యువల్స్ మీద 16 అడుగుల స్టాపు లేదు, ఆ లోటు పూడ్చడానికే చేతులతో ఆక్టేవులు రాశాడని వోల్ఫ్ వాదన. ఈ రచన అసలు బాఖ్‌దేనా అన్న చర్చ కూడా ఉంది. మొదట వయొలిన్ కోసం పుట్టి ఉండవచ్చని 1981లో పీటర్ విలియమ్స్ అన్నాడు. ఆ తగువు పండితులకు వదిలేద్దాం. ఏ వాదన నెగ్గినా, చిన్న వాద్యం నుంచి పెద్ద ధ్వని రాబట్టే ఉపాయం ఆ మొదటి బారులోనే రాసి ఉంది. దాన్ని మీరు వాడుకోవచ్చు.

ఇప్పుడు మీ 44 మెట్ల లెక్క. బాఖ్ కాలపు మాన్యువల్ సాధారణంగా సి నుంచి సి వరకు నాలుగు ఆక్టేవులు, 49 మెట్లు. మీలాంటి ఆర్గానుల్లో కింది మాన్యువల్ మామూలుగా ఎఫ్‌తో మొదలవుతుంది, పై మాన్యువల్ ఆ ఎఫ్‌కు ఒక ఆక్టేవు పైన మొదలవుతుంది. ముందు మీ ఆర్గాను కూడా అలాగే ఉందో లేదో చూసుకోండి. ఉంటే పై స్వరాలకు ఏ లోటూ లేదు. తక్కువయ్యేది అడుగున ఉన్న ఐదు స్వరాలే, సి నుంచి ఇ వరకు. ఆ ఐదూ మీ 13 పెడళ్లలో ఉన్నాయి! ఎడమ చేయి ఎఫ్ కిందికి దిగాల్సిన చోటల్లా ఎడమ కాలు అందుకుంటుంది. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం భయం పోతుంది.

ఆరంభంలోనే మూడో పదబంధం తర్వాత పెడల్ మీద కింది డి మోగుతుంది, దాని మీద సి షార్ప్, ఇ, జి, బి ఫ్లాట్ ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోయే కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) వస్తుంది. ఆ డి మీ పెడళ్లలో ఉంది. కాలు దాని మీద పెట్టి, ఒక్కో స్వరం చేరేకొద్దీ ముందువాటిని వదలకుండా పట్టుకోండి. చిన్న ఆర్గాను మీద ఈ కార్డుకు బలం వచ్చేది హోరు వల్ల కాదు కాబట్టి తొందరపడకండి. ప్రతి స్వరం విడిగా వినబడి, తర్వాతి స్వరంతో రాపిడి పుట్టేంత వ్యవధి ఇవ్వండి. డి మేజర్‌లోకి విడిపోయే ముందు ఒక ఊపిరి ఆగండి. పారిస్‌లోని సెయింట్ సుల్పీస్ లాంటి పెద్ద చర్చిలో వాయించేవాడికి గోడలు చేసే పనిని మీరు కాలంతో చేయాలి.

ఫ్యూగ్ ఇంకా అనుకూలం. అందులో పెడల్ లేకుండా రెండు గొంతులతోనే సాగే భాగాలు చాలా ఉన్నాయి. ప్రతిధ్వనిలా ఒక పదబంధం వెంటనే తక్కువ శబ్దంతో మళ్లీ వినబడే చోట్లు రెండు మాన్యువల్స్ మధ్య అటూ ఇటూ మారడానికి సరిగ్గా సరిపోతాయి. అందరూ బెదిరేది పెడల్ ఒంటరిగా ఫ్యూగ్ విషయాన్ని వాయించే చోటు చూసి. నిజానికి అక్కడ రెండు చేతులూ ఖాళీ. ఎడమ చేత్తో కింది మాన్యువల్ మీద 16 అడుగుల ధ్వనితో వాయించేయండి. కళ్లు మూసుకుని వినేవాడు అది కాలో చెయ్యో చెప్పలేడు. పొట్టి పెడళ్లు ఎడమ కాలి బొటనవేలి వైపుతో మాత్రమే నొక్కేలా ఉంటాయి, కుడి కాలు శబ్దం పెంచే పెడల్ మీద ఉంటుంది. వాటి మీద పదహారో వంతు స్వరాలు పరుగెత్తించాలని చూడకండి, అవి అందుకు చేసినవి కావు.

పెడల్, రెండు చేతులూ ఒకేసారి నిండుగా ఉన్న బారులు మాత్రం కొన్ని మిగులుతాయి. అక్కడ ఏదో ఒకటి వదలక తప్పదు. పై గీత, అడుగు గీత వదలకండి. మధ్య గొంతులో స్వరాలు వదలండి. అందులోనూ కార్డు స్వభావం తెలిపే మూడో స్వరాన్ని ఉంచి, రెట్టింపు అయిన స్వరాలను తీసేయండి. నేను నోట్స్ ఫొటోకాపీ తీసుకుని ఎర్ర పెన్సిలుతో ఎడమ చేయి కాలి నుంచి అందుకున్న స్వరాల చుట్టూ సున్నా చుడతాను, వదిలేసిన వాటి మీద నీలం గీత పెడతాను. ఒక పుటలో నీలం మరీ ఎక్కువైతే ఆ రచన ఈ వాద్యానికి తగదని పెన్సిలే చెబుతుంది. 565లో నీలం చాలా తక్కువ పడుతుంది. అడుగు గీతను ఎడమ చేయి తీసుకున్నప్పుడు ఒక జాగ్రత్త: పెడల్ మీద 16 అడుగుల స్టాపుతో రాసిన స్వరం వినబడేది ఒక ఆక్టేవు కింద. దాన్ని రాసిన చోటే వాయిస్తే కొన్నిచోట్ల అడుగు గొంతు మధ్య గొంతు కంటే పైకి వచ్చి కార్డు తలకిందులవుతుంది. అలాంటి చోట ఆక్టేవు దించండి.

స్టాపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వణుకు తెప్పించే ట్రెమొలో, వైబ్రాటో మొదట ఆపేయండి. తాళం వాయించే బటన్లన్నీ ఆపేయండి, పొరపాటున మోచేయి తగిలి ఫ్యూగ్ మధ్యలో వాల్ట్జ్ మొదలైతే ఆ సభలో మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు. 8, 4, 2 అడుగుల ఫ్లూట్ స్వరాలు (8 అంటే రాసిన స్థాయి, 4 ఒక ఆక్టేవు పైన, 2 రెండు ఆక్టేవులు పైన) కలిపితే తేటగా ఉంటుంది. 16 అడుగులది చేతుల మీద ఎప్పుడూ పెట్టి ఉంచితే మధ్య గొంతులు మసకబారతాయి, టొకాటా ఆరంభానికీ ముగింపు బారులకూ దాచుకోండి. మరో ఉపాయం: 4 అడుగుల స్టాపు ఒక్కటే తీసి ఒక ఆక్టేవు కింద వాయిస్తే రాసిన స్థాయిలోనే వినబడుతుంది, కానీ రంగు వేరు. ఉన్న నాలుగు స్టాపులే ఆరు అయినట్టు అనిపిస్తాయి.

మీరు పియానో నుంచి వస్తున్నారు కాబట్టి అసలు కష్టం మెట్ల సంఖ్యలో ఉండదు, స్వరాన్ని వదలడంలో ఉంటుంది. పియానోలో కొట్టిన స్వరం దానంతట అది ఆరిపోతుంది, మిగతాది కుడి కాలి పెడల్ చూసుకుంటుంది. ఆర్గానులో వేలు లేచేదాకా స్వరం అంతే బలంతో మోగుతూనే ఉంటుంది, వేలు లేచిన క్షణం తెగిపోతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా తేడా లేదు. కాబట్టి ఏ స్వరాన్ని నొక్కిచెప్పాలన్నా దాని ముందు స్వరాన్ని కాస్త ముందుగా వదలడమే దారి. ఒక మెట్టును మూడో వేలితో పట్టుకుని ఉండగానే చప్పుడు లేకుండా ఐదో వేలిని దాని మీదికి జరిపి, మూడో వేలిని తర్వాతి స్వరానికి విడిపించడం రోజూ సాధన చేయండి. మొదట ఏదైనా నాలుగు గొంతుల కీర్తన తీసుకుని కుడి చేత్తో పై రెండు గొంతులు మాత్రమే అలా వాయించండి. కొద్ది వారాలకు చేయి మారుతుంది. ఇది రాకుండా ఫ్యూగ్ మొదలుపెడితే, ఎంత పెద్ద ఆర్గాను మీదైనా అది తడబడుతున్న పియానోలాగే ఉంటుంది.

వేగం హాలును బట్టి. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ లాంటి ఎత్తయిన పెద్ద చర్చిలో పదబంధాల మధ్య మౌనం కూడా సంగీతంలో భాగమవుతుంది. మన ఊళ్లలో మామూలు చర్చి అంటే తక్కువ ఎత్తు కప్పు, కిటికీలకు పరదాలు, తిరుగుతున్న ఫ్యాన్లు, నిండా జనం. ప్రతిధ్వని దాదాపు సున్నా. అలాంటిచోట విరామాలు మరీ సాగదీస్తే వాయించేవాడు మరచిపోయాడేమో అనుకుంటారు. కార్డుల చివరలు కాస్త నిడివిగా పట్టుకోండి, విరామాలు కాస్త కుదించండి. ఫ్యాన్లు వేసి ఒకసారి, ఆపి ఒకసారి రిహార్సల్ చేయండి. ఖాళీ హాల్లో స్నేహితుణ్ణి చివరి బెంచీలో కూర్చోబెట్టి వినమనండి, ఆర్గాను దగ్గర కూర్చున్నవాడికి తన వాయిద్యం ఎప్పుడూ నిజం చెప్పదు.

ఇక విడోర్. ఆ టొకాటా 1879లో రాసిన ఐదో ఆర్గాను సింఫనీలోని చివరి భాగం. విడోర్ 1870 నుంచి అరవై ఏళ్లకు పైగా పారిస్ సెయింట్ సుల్పీస్ చర్చిలో వాయించాడు. అక్కడి ఆర్గానును 1862లో ఆర్గాను నిర్మాత కవాయే కోల్ పూర్తిచేశాడు, ఐదు మాన్యువల్స్, దాదాపు వంద స్టాపులు. ఆ రచనలో కుడి చేతి ఆకృతి మొదటి బారు నుంచి చివరిదాకా దాదాపు మారదు. మారేది ధ్వని పరిమాణమే. నిండుగా మొదలై, మధ్యలో తగ్గి, మెల్లగా పెరుగుతూ మళ్లీ పూర్తి ఆర్గాను దగ్గరికి వస్తుంది. కింద పెడల్ మీద నెమ్మదైన పెద్ద స్వరాలు నడుస్తాయి. మీ 13 పెడళ్లకు ఆ విస్తృతి లేదు. పైగా ఈ రకం ఆర్గానులు చాలావరకు ఒకసారికి ఒక్క పెడల్ స్వరమే పలుకుతాయి. శబ్దం పెంచే పెడల్‌తో ఎక్కువ తక్కువలు తేవచ్చు, కానీ అది టీవీ శబ్దం పెంచడం లాంటి పెరుగుదలే, కొత్త గొంతులు వచ్చి చేరేది కాదు. ఈ ఆర్గాను మీద విడోర్ వాయించడం ఇద్దరే కలిసి బతుకమ్మ ఆడినట్టుంటుంది. అడుగులు సరిగ్గానే పడతాయి, ఆట మాత్రం కుదరదు. అసాధ్యం అనను, అనవసరం అంటాను.

ఎప్పటికైనా పెద్ద ఆర్గాను మీద వాయించే రోజు వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. విడోర్ తన ఎనభై ఎనిమిదో ఏట, 1932లో, ఈ టొకాటాను తానే రికార్డు చేశాడు. ఇప్పుడు చాలామంది వాయించే వేగం కంటే అది చాలా నిదానం.

మరి ముగింపుకు ఏం వాయించాలి? చిన్న వాద్యాల కోసమే గొప్పవాళ్లు రాసిన సంగీతం కుప్పలుగా ఉంది. మనవాళ్లు దాని జోలికి పోకుండా పెద్ద పేర్ల వెంటే పడతారని నా ఫిర్యాదు. మీకు నా మొదటి సూచన ఫ్రెంచ్ ఆర్గానిస్టు, స్వరకర్త లూయీ వియెర్న్. ఇతని ‘ఇరవై నాలుగు స్వేచ్ఛా శైలి రచనలు’ (ఓపస్ 31) ఆర్గానుకైనా హార్మోనియానికైనా పనికొచ్చేలా రెండు వరుసల మీద రాసినవి, పెడల్ తప్పనిసరి కాదు. అందులో ‘కారియోన్ ద లాంగ్‌పాన్’ అనే రచన లాంగ్‌పాన్ కోట చాపెల్ గంటల స్వరాల మీద కట్టింది. గంటలు ఆగకుండా మోగుతున్నట్టు ఒకే పదబంధం తిరుగుతుంటుంది, దాని చుట్టూ కార్డులు మారుతుంటాయి. వార్షికోత్సవం ముగింపుకు ఇంతకంటే తగినది నాకు తెలియదు. విడోర్ కావాలన్న మీ కోరిక వెనుక ఉన్నది ఈ ఉత్సాహమే అయితే అది ఇక్కడ దొరుకుతుంది. సెజార్ ఫ్రాంక్ చివరి రోజుల్లో హార్మోనియం కోసం రాసిన ‘లోర్గానిస్త్’ సంపుటిలో 59 చిన్న రచనలున్నాయి. ఆరాధన మధ్యలో కానుకల సమయానికి అవి బాగుంటాయి. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో చాలా ఆర్గానులకు పెడళ్లే లేవు, కాబట్టి అంధ ఆర్గానిస్టు జాన్ స్టాన్లీ వాలంటరీలు (ఆరాధనకు ముందూ వెనకా వాయించే రచనలు) మీ వాద్యం మీద పెద్దగా మార్పులు లేకుండానే వాయించవచ్చు.

నవ్వుతారేమోనన్న మీ సందేహానికి బాఖే జవాబిచ్చాడు. 1739లో అచ్చయిన ‘క్లావియర్ ఊబుంగ్’ మూడో భాగంలో ప్రధాన కోరేల్స్‌కు (జర్మన్ చర్చి కీర్తనల ఆధారంగా రాసినవి) రెండేసి రూపాలున్నాయి. ఒకటి పెడల్‌తో పెద్ద ఆర్గానుకు, మరొకటి చేతులకు మాత్రమే. చిన్న రూపాన్ని ఆయన అదే పుస్తకంలో, పెద్దదాని పక్కనే అచ్చు వేయించాడు. అవి చూడటానికి చిన్నవే కానీ వాయించడానికి తేలికేమీ కాదు.

ఒక్కోసారి వాద్యానికి లేనిది మనుషుల దగ్గర దొరుకుతుంది. కాజీపేట వైపు ఒక చర్చిలో నేను వాయించిన రీడ్ ఆర్గానుకు ఒకే మాన్యువల్, రెండు కాళ్లూ గాలి తొక్కడానికే సరి. దాని మీద బాఖ్ ‘వాఖెట్ ఔఫ్’ (బి.డబ్ల్యు.వి. 645) వాయించాలి. అది మూడు గీతల రచన: కుడి చేతిలో అలంకారం, ఎడమ చేతిలో కోరేల్, కాళ్లలో అడుగు గీత. ఒక్క మాన్యువల్ మీద చేతులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. అయితే ఈ ఆర్గాను రచనకు మూలం 1731 నాటి 140వ కాంటాటా (గాయకులకూ వాద్యబృందానికీ రాసిన చర్చి రచన). అందులో ఆ కోరేల్ పాడేది టెనర్ గొంతులు. అందుకని మా కాయర్‌లో ఉన్న టెనర్లకు ఆ గీత అప్పగించాను. ఎడమ చేతికి అడుగు గీత వచ్చింది, కుడి చేయి యథాప్రకారం. ఏదీ వదలక్కర్లేకపోయింది. ఆ రోజు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అది ఆర్గాను రచన అనే తెలియదు, పాట బాగుందన్నారు.

ఇక్కడే పాస్టరుగారి కీబోర్డు సలహా పనికొస్తుంది. కీబోర్డుతో ఆర్గానును మార్చేయకండి, పక్కన పెట్టుకోండి. కీబోర్డు వాయించే కుర్రవాడు మన ప్రతి చర్చిలోనూ ఉంటాడు. దానికి 61 మెట్లు ఉంటాయి. ఆర్గాను ధ్వని పెట్టి, స్థాయి ఒక ఆక్టేవు దించి, పెడల్ గీత మాత్రం అతనికి ఇవ్వండి. ఫ్యూగ్‌లో నీలం గీతలు పడిన బారులన్నీ తిరిగి వస్తాయి. రెండు వాద్యాల శ్రుతి ముందే కలుపుకోండి, చాలా పాత ఎలక్ట్రానిక్ ఆర్గానుల్లో శ్రుతి సవరించే చిన్న తిరుగుడు మీట ఉంటుంది. కీబోర్డులో వేలి ఒత్తిడిని బట్టి శబ్దం మారే సదుపాయం ఉంటే ఆపేయించండి.

పైపులు లేవన్న బాధ కూడా కొంత వదిలించుకోండి. పైపులో గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). 25 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన పైపు ఆర్గానును 40 డిగ్రీల హాల్లో వాయిస్తే 45 సెంట్ల దాకా పైకి పోతుంది, అంటే అర స్వరంలో ఇంచుమించు సగం. మే నెల వరంగల్‌లో వయొలిన్‌తో కలిపి వాయించాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. పైపు ధ్వని ఎలా ఉంటుందో వినాలని ఉంటే చెన్నై వెళ్లినప్పుడు ఎగ్మోర్‌లోని సెయింట్ ఆండ్రూస్ కర్క్‌కు వెళ్లండి. వినడం మీ స్పర్శకు చాలా నేర్పుతుంది.

రెండు చిన్న విషయాలు. కరెంటు: ఆర్గానుకు విడిగా యూపీఎస్ పెట్టండి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే స్పీకరులో గుయ్యిమని హోరు వస్తుంది, సైన్ వేవ్ రకమే వాడాలి. చెప్పులు: మన చర్చిల్లో బయట వదిలి వస్తాం కాబట్టి చాలామంది వట్టి కాళ్లతో పెడళ్లు నొక్కుతారు, చెమటకు కాలు జారుతుంది. పలుచని అడుగు, చిన్న మడమ ఉన్న బూట్ల జత ఒకటి ఆర్గాను కోసమే సంచిలో ఉంచుకోండి, బయట వేసుకోకండి. చర్చి పెద్దలకు ముందే చెప్పి పెట్టండి. వాళ్లు ఒప్పుకోకపోతే పలుచని నూలు సాక్సు.

డిసెంబరుకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ముందు వియెర్న్ మొదలుపెట్టండి, అది త్వరగా చేతికి వస్తుంది. 565లో ఫ్యూగ్‌ను టొకాటా కంటే ముందు నేర్చుకోండి, అందరూ తలకిందులుగా చేసి చివర చేతులెత్తేస్తారు. మీ ఆర్గాను మోడలు పేరు, కింది మాన్యువల్ ఏ స్వరంతో మొదలవుతుందో, రెండు పెడళ్లు ఒకేసారి నొక్కితే రెండూ పలుకుతాయో లేదో ఇక్కడే రాయండి. ఫ్యూగ్ ఆఖరి రెండు పుటల్లో ఏ స్వరం చేతికి, ఏది కాలికి అన్నది ఆ మూడూ తెలిస్తేనే చెప్పగలను.